ఒకే దగ్గు, రెండు ప్రశ్నలు

(అవయవ మార్పిడి చేయించుకున్నవారు, వారి కుటుంబ సభ్యులు, వైద్య విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో ఒక శ్వాసకోశ వైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న సంగతి. ఈ గదిలో కొందరు మాస్కు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్కన ఉన్నవారు దయచేసి జరిగి కూర్చోకండి. వాళ్ళ జబ్బు మీకు అంటుకుంటుందని పెట్టుకున్న మాస్కు కాదది. మీ ఊపిరిలో ఉన్నది వాళ్ళకు అంటకూడదని పెట్టుకున్నది. మీకు రెండు రోజుల జలుబుగా వచ్చి పోయేది వాళ్ళను ఆసుపత్రి మంచం మీద పడేయగలదు. ఎందుకలా? ఈ గంటసేపు నేను చెప్పబోయేది అదే.

ఒక పాత కథతో మొదలుపెడతాను. 1967 డిసెంబర్ 3. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో గ్రూట్ షూర్ ఆసుపత్రి. క్రిస్టియాన్ బర్నార్డ్ అనే సర్జన్ మొట్టమొదటిసారి ఒక మనిషి గుండెను మరో మనిషి ఛాతీలో అమర్చారు. ఆ రోగి పేరు లూయీ వాష్కాన్‌స్కీ. ప్రపంచమంతా ఆ వార్తే. కొత్త గుండె కొట్టుకుంది. బాగా కొట్టుకుంది. మరి ఆయన ఎన్నాళ్ళు బతికారు? పద్దెనిమిది రోజులు. దేనివల్ల చనిపోయారు? ఈ ప్రశ్న నేను ఎక్కడ అడిగినా, గుండె ఆగిపోయి ఉంటుందనే జవాబు వస్తుంది. కాదు. న్యుమోనియా. రెండు ఊపిరితిత్తులకూ పాకిన న్యుమోనియా. అంత కష్టపడి అమర్చిన గుండె బాగానే ఉంది. గాలి పీల్చే అవయవం, ఎవరూ కత్తి పెట్టని అవయవం, చేతులెత్తేసింది.

ఇందులో ఇంకా బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆయన ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చలు కనిపించాయి. వైద్య బృందం ముందు రెండు ప్రశ్నలు నిలబడ్డాయి. ఇది శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తున్న లక్షణమా? లేక సూక్ష్మజీవులు సోకాయా? వాళ్ళు మొదటిదే అనుకున్నారు. తిరస్కరణను అణచడానికి మందులు పెంచారు. అంటే, ఒంట్లో బాక్టీరియా పెరుగుతున్న సమయంలోనే దానితో పోరాడే సైన్యాన్ని ఇంకా బలహీనపరిచారు. నేను వాళ్ళను తప్పుపట్టడం లేదు. అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్న సాధనాలు అవి. ఆ పాఠం వృథా కాలేదు కూడా. నెల తిరగకముందే, 1968 జనవరి 2న, అదే ఆసుపత్రిలో గుండె మార్పిడి చేయించుకున్న రెండో రోగి ఫిలిప్ బ్లైబర్గ్ 19 నెలలు జీవించారు.

కానీ ఆ రెండు ప్రశ్నలు ఉన్నాయే, అవి ఈనాటికీ నా ముందు నిలబడుతూనే ఉంటాయి. ప్రతివారం నిలబడతాయి. అవయవ మార్పిడి అయిన మనిషి దగ్గుతూ వస్తాడు. తిరస్కరణా, ఇన్ఫెక్షనా? దగ్గు ఒకటే. ఆయాసం ఒకటే. చాలాసార్లు స్కాన్‌లో నీడ కూడా ఒకటే. వైద్యం మాత్రం పూర్తిగా ఎదురుబొదురు. తిరస్కరణ అయితే రోగనిరోధక శక్తిని ఇంకా అణచాలి. ఇన్ఫెక్షన్ అయితే ఆ అణచివేతను కాస్త సడలించాలి. ఒకదానికి వేసిన మందు రెండోదానికి ఆజ్యం పోస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఊపిరితిత్తుల గురించి గత యాభై అరవై ఏళ్ళుగా మా రంగంలో జరిగిన పరిశోధనలో చాలా భాగం, నన్నడిగితే, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

అసలు రోగనిరోధక శక్తిని ఎందుకు అణచాలి? చాలామందికి తెలిసిన విషయమే కనుక త్వరగా చెబుతాను. మన శరీరం తనది ఏదో, పరాయిది ఏదో గుర్తుపడుతుంది. పరాయిదైతే దాడి చేస్తుంది. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఎందుకు నిలిచింది? దాత, గ్రహీత ఇద్దరూ ఒకే పోలికలున్న కవలలు. ఒకరి కిడ్నీని మరొకరి శరీరం పరాయిదనుకోలేదు. కానీ ఎంతమందికి కవలలుంటారు? అందుకే మందులు కావలసి వచ్చాయి. ముందు అజాథయోప్రిన్, స్టీరాయిడ్లు. తర్వాత అన్నిటినీ మార్చేసిన సైక్లోస్పోరిన్. నార్వేలోని హార్డాంగర్ పీఠభూమి మట్టిలో దొరికిన ఒక ఫంగస్ నుంచి వచ్చింది అది. ఈరోజు ఎక్కువమంది వాడే టాక్రోలిమస్ కూడా మట్టిదే. జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి 1984లో దొరికింది. మట్టిలోని సూక్ష్మజీవులే మనకు ఈ మందులిచ్చాయి. ఈ మందులు వేసుకున్నవారు భయపడవలసిన శత్రువుల్లో కొన్ని కూడా ఆ మట్టిలోనే ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఊపిరితిత్తుల సంగతి. ఎవరికైనా కిడ్నీ మార్చారనుకోండి, కాలేయం మార్చారనుకోండి. ఊపిరితిత్తుల నిపుణురాలితో వాళ్ళకేం పని? చాలా ఉంది. ఆలోచించండి, గుండె బయటి ప్రపంచాన్ని ఎప్పుడైనా చూస్తుందా? కాలేయం చూస్తుందా? ఊపిరితిత్తి క్షణక్షణం చూస్తుంది. రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి లోపలికీ బయటికీ నడుస్తుంది. లోపల దాదాపు 48 కోట్ల గాలి గదులు. వాటన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్ల దాకా వస్తాయి. మన చర్మం మొత్తం కలిపినా రెండు చదరపు మీటర్లు దాటదు. అంత పెద్ద వాకిలి అది, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. మామూలు రోజుల్లో కాపలాదారులు ఉంటారు కనుక మనకు తెలియదు. ఆ కాపలాదారులకు మందులతో మనమే మత్తు ఇచ్చామనుకోండి, అప్పుడు తెలుస్తుంది.

ఇక ఊపిరితిత్తులనే మార్చుకున్నవారి సంగతి ఇంకా కష్టం. దాత నుంచి ఊపిరితిత్తిని తీసేటప్పుడు నరాలు తెగుతాయి. నరం తెగితే ఏమవుతుంది? కుట్టు వేసిన చోటికి కింద కఫం చేరినా, దగ్గాలి అన్న కబురు మెదడుకు అందదు. శ్వాసనాళాల గోడల మీద చిన్న చిన్న వెంట్రుకల్లాంటివి ఉంటాయి, దుమ్మునూ క్రిములనూ పైకి ఊడ్చేస్తుంటాయి. ఆ ఊడ్పు మందగిస్తుంది. కణజాలంలో చేరిన ద్రవాన్ని బయటికి తీసే శోషరస నాళాలు తెగుతాయి. శ్వాసనాళాన్ని పోషించే సన్నని రక్తనాళాన్ని సాధారణంగా తిరిగి కలపరు. అందుకని కుట్టు దగ్గర రక్తం తక్కువగా అందుతుంది. రక్తం అందనిచోట గాయం మానదు, మానని గాయం మీద ఫంగస్ కూర్చుంటుంది.

ఇది మాటవరసకు చెప్పడం లేదు. మొదటి ఊపిరితిత్తి మార్పిడిని 1963 జూన్‌లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో జేమ్స్ హార్డీ చేశారు. ఆ రోగి కూడా, గమనించండి, పద్దెనిమిది రోజులే జీవించారు. తర్వాత పదిహేనేళ్ళలో ప్రపంచం మొత్తంమీద సుమారు నలభై మందికి ఈ ఆపరేషన్ చేసి ఉంటారు. వాళ్ళలో ఎక్కువకాలం బతికినవారు పది నెలలు. అంతే. కిడ్నీ నిలుస్తోంది, గుండె నిలుస్తోంది, ఊపిరితిత్తి నిలవడం లేదు. తిరస్కరణ ఒక కారణం, ఇన్ఫెక్షన్ ఒక కారణం, మూడోది ఆ కుట్టు విడిపోవడం. టొరంటోలో జోయెల్ కూపర్ బృందం ఆపరేషన్లు ఆపి ప్రయోగశాలకు వెళ్ళింది. కుక్కల మీద ప్రయోగాలు చేసి, తిరస్కరణను ఆపడానికి ఇస్తున్న ఎక్కువ మోతాదు స్టీరాయిడ్లే కుట్టును మాననివ్వడం లేదని తేల్చారు. సైక్లోస్పోరిన్‌తో ఆ బెడద లేదు. పొట్టలో పేగుల మీద కప్పినట్టుండే కొవ్వు పొర ఒకటి ఉంటుంది, దానికి రక్తప్రసరణ ఎక్కువ. దాన్ని పైకి లాగి కుట్టు చుట్టూ చుట్టారు. 1983లో వాళ్ళు ఆపరేషన్ చేసిన రోగి ఆరేళ్ళకు పైగా జీవించారు. ఎక్కడ పది నెలలు, ఎక్కడ ఆరేళ్ళు! నా విద్యార్థులకు ఈ కథ నేను పదే పదే చెబుతాను. ఎందుకంటే ఆపరేషన్ చేయడం చేతనైన బృందం, ఆపరేషన్ ఆపేసి కారణం వెతకడానికి వెళ్ళింది. దానికి ఎంత ఓపిక కావాలి!

పొగ రాని నిప్పు

నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఇక్కడ తలకిందులు. నిప్పు ఉంటుంది, పొగ రాదు. జ్వరం ఎందుకొస్తుంది? క్రిమి వల్ల నేరుగా రాదు, క్రిమితో మన శరీరం చేసే పోరాటం వల్ల వస్తుంది. కఫం పచ్చగా ఎందుకు మారుతుంది? తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చిపడడం వల్ల. ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ ఎందుకు కనిపిస్తుంది? అదీ ఆ పోరాటపు గుర్తే. మరి పోరాటాన్నే మందులతో అణచేస్తే? న్యుమోనియా ఉంటుంది, జ్వరం ఉండకపోవచ్చు. ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు, సీటీ స్కాన్‌లో మాత్రం కనిపించవచ్చు. అందుకే చెబుతున్నాను. జ్వరం లేదు కదా, రెండు రోజులు చూద్దాం అనుకోకండి. మీ విషయంలో ఆ లెక్క పనిచేయదు.

నాకు ఒక రోగి ఉన్నారు, కిడ్నీ మార్పిడి అయిన పెద్దాయన. డాక్టరును ఊరికే ఇబ్బంది పెట్టడం ఎందుకని పొడిదగ్గును తొమ్మిది రోజులు దాచారు. జ్వరం లేదు, అన్నం తింటున్నారు, నడుస్తున్నారు. మెట్లు ఎక్కితే మాత్రం ఆయాసం. పదో రోజు వచ్చేసరికి రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంది. ఆయన కోలుకున్నారు. కానీ మొదటి రోజే వచ్చి ఉంటే మాత్రలతో పోయేది, పదో రోజు ఐసీయూ దాకా వెళ్ళింది. ఇబ్బంది పెట్టండి మమ్మల్ని. దయచేసి ఇబ్బంది పెట్టండి.

ఆయనకు వచ్చింది న్యుమోసిస్టిస్ అనే సూక్ష్మజీవి తెచ్చే న్యుమోనియా. ఈ జీవి చరిత్ర చిత్రమైనది. 1909లో కార్లోస్ షాగస్ దీన్ని చూసి ఇంకేదో పరాన్నజీవి రూపం అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఐరోపాలో, అనాథ శరణాలయాల్లో పోషణ లేక చిక్కిపోయిన పసిపిల్లలకు న్యుమోనియా తెచ్చింది ఇదే. 1988దాకా దీన్ని ఏకకణ పరాన్నజీవి అనే పాఠాల్లో చెప్పారు. జన్యు పదార్థాన్ని పరిశీలించాక తెలిసింది, ఇది ఫంగస్ అని. దీనికి విరుగుడు మాత్రం అంతకుముందే దొరికింది. 1977లో వాల్టర్ హ్యూజ్ బృందం రక్త క్యాన్సర్ పిల్లల మీద చేసిన పరీక్ష వినండి. కోట్రైమాక్సజోల్ మాత్ర తీసుకోని 80 మందిలో 17 మందికి ఈ న్యుమోనియా వచ్చింది. తీసుకున్న 80 మందిలో ఎంతమందికి? ఒక్కరికీ రాలేదు. సున్నా. వైద్యంలో ఇంత శుభ్రమైన అంకె అరుదుగా చూస్తాం. మీలో చాలామందికి మార్పిడి తర్వాత నెలల తరబడి ఆ మాత్ర ఇచ్చేది ఇందుకే. ఇన్ని మందుల్లో ఇదొకటి ఎందుకని మానేయకండి. మా అనుమతి లేకుండా మానేయకండి.

కాలం కూడా కొంత చెబుతుంది మాకు. మొదటి నెలలో వచ్చేవి ఎక్కువగా ఆసుపత్రి క్రిములు, వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు పట్టే న్యుమోనియా, లేదా దాత నుంచి వచ్చినవి. రెండో నెల నుంచి ఆరో నెల దాకా మందుల మోతాదు ఎక్కువ, అప్పుడే అవకాశం కోసం కాచుకున్న క్రిములు లేస్తాయి. ఆ తర్వాత మోతాదు తగ్గితే, అందరికీ వచ్చే ఫ్లూ, మామూలు న్యుమోనియా. ముందుజాగ్రత్త మందులు ఈ క్యాలెండర్‌ను కొంత జరిపాయి. ఒకప్పుడు మూడో నెలలో వచ్చేది, ఇప్పుడు ఆ మందు ఆపిన తర్వాత వస్తోంది.

దాత నుంచి వచ్చినవి అన్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. సైటోమెగాలో వైరస్ అలాంటి ఇంటిదొంగ. ప్రపంచంలో అత్యధికుల ఒంట్లో అది ఉంది. చిన్నప్పుడెప్పుడో వచ్చి, ఏమీ చేయకుండా దాక్కుంటుంది. దాత శరీరంలో ఉండి, గ్రహీత శరీరం దాన్ని ఎన్నడూ చూసి ఉండకపోతే, అప్పుడు ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. కొత్త అవయవంతో పాటు కొత్త వైరస్, దాన్ని గుర్తుపట్టే కణాలు లేవు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేస్తాం, ఫలితాన్ని బట్టి వాల్‌గాన్సైక్లోవిర్ లాంటి మందు నెలల తరబడి ఇస్తాం. క్షయ కూడా ఇంటిదొంగే. ఎప్పుడో సోకి నిద్రపోతున్న క్షయ క్రిమి, మార్పిడి తర్వాత మందులు మొదలైనప్పుడు మేలుకోవచ్చు. మీ ఇంట్లో పూర్వం ఎవరికైనా క్షయ ఉండేదా అని మేము అడిగితే సిగ్గుపడకండి. ఆ ఒక్క జవాబు మీ కొత్త అవయవాన్ని కాపాడవచ్చు.

దొంగను పట్టుకున్న ఒక పరిశోధన గురించి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ఊపిరితిత్తుల మార్పిడి అయిన కొద్దిమందిలో ఒక వింత కనిపించేది. ఆపరేషన్ బాగా జరుగుతుంది. కొన్ని రోజులకు రోగి తికమక పడతాడు, మత్తులోకి జారుకుంటాడు, మెదడు వాచిపోతుంది, చనిపోతాడు. రక్తంలో అమోనియా విపరీతం. సాధారణంగా అమోనియా కాలేయం పాడైతే పెరుగుతుంది. వీళ్ళ కాలేయం బాగానే ఉండేది. ఏళ్ళ తరబడి ఎవరికీ అర్థం కాలేదు. 2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన అంకిత్ భరత్ బృందం కారణం పట్టుకుంది. యూరియాప్లాస్మా అనే చిన్న బాక్టీరియా. మామూలుగా మూత్ర, జననేంద్రియ మార్గాల్లో ఉంటుంది. అది యూరియాను విడగొట్టి శక్తి సంపాదించుకుంటుంది. విడగొడితే వచ్చేదేమిటి? అమోనియా. మరి ఇన్నాళ్ళూ ఎందుకు దొరకలేదు? దానికి కణ కవచం లేదు. మేము స్లయిడు మీద వేసే రంగు దానికి పట్టదు, ల్యాబులో క్రిములను పెంచి చూసే మామూలు కల్చర్‌లో అది పెరగదు. జన్యు పరీక్షతోనే దొరికింది. అంతుపట్టని మరణం కాస్తా, తగిన యాంటీబయాటిక్స్‌తో ఎదుర్కోగలిగే ఇన్ఫెక్షన్ అయింది. దొరకలేదు అన్న మాటకూ లేదు అన్న మాటకూ ఎంత దూరముందో చూడండి.

ఇప్పుడు మట్టి దగ్గరికి వస్తాను. ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్. కుళ్ళే ఆకుల్లో, పాత గోడల్లో, తవ్విన మట్టిలో పెరుగుతుంది. దాని బీజాణువు రెండు మూడు మైక్రాన్లు, అంటే గాలి గదుల దాకా నేరుగా దిగగలిగినంత చిన్నది. మనమందరం రోజూ పీలుస్తాం. మనకేమీ కాదు. రోగనిరోధక శక్తి అణగినవారిలో అది రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది. ఆసుపత్రిలో గోడలు పగలగొట్టే పని జరిగేటప్పుడు ఈ కేసులు పెరగడం వైద్య సాహిత్యంలో చాలాసార్లు నమోదైంది. మీలో తోటపని ఇష్టమైనవారు ఉంటారు. పూర్తిగా మానమని నేను అనను. కుళ్ళిన ఎరువు కుప్పను తిరగేయడం, ఎండిన ఆకులు ఊడ్చడం, ఇల్లు పగలగొడుతున్నచోట నిలబడడం, వీటిని ఇంకొకరికి అప్పగించండి.

ఆస్పర్జిల్లస్‌కు వోరికోనజోల్ అనే మంచి మందు ఉంది. కానీ వైద్య విద్యార్థులు ఇక్కడ చెవి పెట్టి వినాలి. ఆ మందు కాలేయంలో టాక్రోలిమస్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది. అంటే టాక్రోలిమస్ రక్తంలో పేరుకుపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే టాక్రోలిమస్ మోతాదును మూడో వంతుకు తగ్గించవలసి వస్తుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. టాక్రోలిమస్‌ను ఖర్చు చేసేస్తుంది, మోతాదు చాలదు, తిరస్కరణ మొదలవుతుంది. క్లారిత్రోమైసిన్ లాంటి సాధారణ యాంటీబయాటిక్ కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచుతుంది. మందుల దుకాణంలో ఏదో ఒక దగ్గు మందు, ఏదో ఒక యాంటీబయాటిక్ కొనుక్కోవద్దని మేము మొత్తుకునేది ఊరికే కాదు.

కొలవలేనిదాన్ని కొలవడం

సరే, మళ్ళీ ఆ రెండు ప్రశ్నలు. తిరస్కరణా, ఇన్ఫెక్షనా? ఈరోజు మేము ఏం చేస్తాం? బ్రాంకోస్కోపీ. సన్నని గొట్టం శ్వాసనాళంలోకి పంపి, కొంచెం సెలైన్ పోసి వెనక్కి లాగుతాం, దాన్ని బాక్టీరియాకూ, ఫంగస్‌కూ, వైరస్‌కూ, క్షయకూ పరీక్షిస్తాం. ఊపిరితిత్తి మారినవారిలో చిన్న ముక్కలు కూడా తీసి సూక్ష్మదర్శినిలో చూస్తాం. బర్నార్డ్‌కు లేని అదృష్టం ఇది. అయినా కొన్నిసార్లు జవాబు రెండూ అని వస్తుంది. పైగా ఒకటి రెండోదానికి దారితీస్తుంది. మామూలు జలుబు తెచ్చే శ్వాసకోశ వైరసులు సోకిన తర్వాత దీర్ఘకాలిక తిరస్కరణ మొదలయ్యే ప్రమాదం పెరుగుతుందని అనేక పరిశీలనల్లో తేలింది. ఆ స్థితిలో సన్నని శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. ఊపిరితిత్తులు మార్చుకున్నవారిలో సగం మంది ఆరేడు ఏళ్ళకు పైగా జీవిస్తున్నారు, కిడ్నీతో పోలిస్తే ఇది తక్కువ. అంత తక్కువగా ఉండడానికి ముఖ్య కారణం ఈ దీర్ఘకాలిక తిరస్కరణే. మొదటి నెల దాటాక ఏడాదిలోపు మరణాలకైతే ఇన్ఫెక్షన్లే పెద్ద కారణం.

ఇప్పుడు అసలు ఇబ్బంది చెబుతాను. మేము మీ రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో కొలుస్తాం. మీకు తెలుసు, ఉదయం మాత్ర వేసుకోకుండా వచ్చి రక్తం ఇస్తారు. కానీ మేము కొలుస్తున్నది ఏమిటి? మందును. మందు పనిని కాదు. ఒకే స్థాయి ఒకరికి ఎక్కువ కావచ్చు, మరొకరికి చాలకపోవచ్చు. మీ రోగనిరోధక శక్తి ఈరోజు ఎంత అణగి ఉంది? దీన్ని కొలిచే కొలబద్ద మాకు ఇన్నాళ్ళూ లేదు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా చాలావరకు అంచనాతోనే నడుపుతున్నాం. నాకు ఇది రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని విషయం.

ఇక్కడే ఒక చిన్న వైరస్ అక్కరకు వస్తోంది. టార్క్ టెనో వైరస్. 1997లో జపాన్‌లో కనుగొన్నారు. మనలో అత్యధికుల రక్తంలో ఉంటుంది, ఏ జబ్బూ తెచ్చినట్టు రుజువు లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ క్వేక్ బృందం అవయవ మార్పిడి అయినవారి రక్తంలో తేలాడే డీఎన్ఏ ముక్కలన్నిటినీ చదివింది. మందులు మొదలుపెట్టగానే ఈ కుటుంబానికి చెందిన వైరసులు విపరీతంగా పెరగడం కనిపించింది. తిరస్కరణ వచ్చినవారిలో అవి తక్కువగా ఉన్నాయి. అర్థమైందా? కాపలా సడలితే పెరుగుతుంది, కాపలా బిగిస్తే తగ్గుతుంది. హాని చేయదు, మందు వేసినా చావదు. ఇంతకంటే మంచి కొలబద్ద ఏం కావాలి? దాని స్థాయి చూసి మందుల మోతాదు నిర్ణయించవచ్చా అని ఐరోపాలో పరీక్షలు మొదలయ్యాయి. వియన్నా వైద్య విశ్వవిద్యాలయం సారథ్యంలో కిడ్నీ మార్పిడి వారిపై, జర్మనీలో ఊపిరితిత్తుల మార్పిడి వారిపై. ఇది నిలబడితే, లూయీ వాష్కాన్‌స్కీ పడక పక్కన ఆ డాక్టర్లు పడిన సందిగ్ధానికి ఒక అంకె దొరికినట్టే.

టీకాల గురించి రెండు మాటలు. 2021లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు అవయవ మార్పిడి అయిన 658 మందిని పరీక్షించారు. కోవిడ్ టీకా రెండు మోతాదులు వేసుకున్న తర్వాత ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, కనిపించినవారు 54 శాతమే. టొరంటోలో చేసిన పరీక్షలో మూడో మోతాదు వేసినవారిలో 55 శాతం మంది ఆశించిన స్థాయికి చేరారు. ఉత్తుత్తి సూది పొడిపించుకున్నవారిలో 18 శాతం. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? టీకా పనిచేయదని కాదు. ఎక్కువసార్లు కావాలని, చుట్టూ ఉన్నవారు కూడా వేయించుకోవాలని. వీలైనవన్నీ ఆపరేషన్‌కు ముందే వేయించుకుంటే మంచిది. ఎందుకంటే బతికున్న క్రిమితో చేసిన టీకాలు ఆ తర్వాత సాధారణంగా ఇవ్వకూడదు.

చివరగా, ఏ మందుకూ లొంగని క్రిమి సోకితే? 2019లో ప్రచురితమైన ఒక కేసు ఉంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో రెండు ఊపిరితిత్తులూ మార్చిన పదిహేనేళ్ళ అమ్మాయి. మైకోబాక్టీరియం ఆబ్సెసస్ అనే బాక్టీరియా ఒళ్ళంతా పాకింది. యాంటీబయాటిక్స్ చేతులెత్తేశాయి. పిట్స్‌బర్గ్‌లో గ్రాహం హాట్‌ఫుల్ ప్రయోగశాల ఫ్రీజర్లలో వేల సంఖ్యలో ఫేజులు ఉన్నాయి. ఫేజ్ అంటే బాక్టీరియాను తినే వైరస్. వాటిలో చాలావరకు చదువులో భాగంగా విద్యార్థులు మట్టి నుంచి సేకరించినవి. ఒక ఫేజ్ దక్షిణాఫ్రికాలో కుళ్ళిన వంకాయ అడుగున దొరికింది. ఆ అమ్మాయి క్రిమి మీద పనిచేసేవి వెతికి, రెండింటి జన్యువులను సవరించి, మూడు కలిపి ఇచ్చారు. పుండ్లు మానాయి, కాలేయం తేరుకుంది, ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడింది. క్రిమి పూర్తిగా పోలేదు, దీన్ని సంపూర్ణ వైద్యం అనలేం. ఒక్క రోగి కథతో అందరికీ వైద్యం తయారు కాదు కూడా. కానీ ఆ వంకాయ కిందనుంచి మట్టి తీసిన విద్యార్థికి ఆ రోజు ఏం తెలుసు, ఎక్కడో ఒక పిల్ల ఊపిరికి అది పనికొస్తుందని? పరిశోధనకు ఇచ్చే డబ్బు వృథా అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ వంకాయ గుర్తొస్తుంది.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. ఇంటికి తీసుకువెళ్ళవలసిన పనులు మూడే. ఊపిరితిత్తి మారినవారు ఇంట్లో రోజూ ఊదే స్పైరోమీటర్, అదే ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరికరం, చూపే అంకె రాసిపెట్టుకోండి. మామూలు కంటే పది శాతం తగ్గితే, ఒంట్లో బాగానే ఉందనిపించినా, ఆ రోజే ఫోను చేయండి. నా దగ్గరికి వచ్చే ఒకామె నోటుపుస్తకంలో తారీఖు, అంకె, ఎదురుగా ఒకే మాట రాసుకుంటారు: బాగుంది, బాగాలేదు. ఒక రోజు బాగుంది అని రాసి ఉంది, అంకె మాత్రం పడిపోయింది. ఆమె అంకెనే నమ్మి ఫోను చేశారు. బ్రాంకోస్కోపీలో ఇన్ఫెక్షన్ మొదట్లోనే దొరికింది. రెండోది, కొత్త మందు ఎవరు రాసినా, మింగే ముందు మార్పిడి బృందాన్ని అడగండి. మూడోది, ఏ ఆసుపత్రికి వెళ్ళినా, అర్ధరాత్రి అత్యవసర విభాగానికి వెళ్ళినా, దగ్గు అని మొదలుపెట్టకండి. మీ నోటి వెంట మొదటి వాక్యం ఇదీ: నాకు అవయవ మార్పిడి జరిగింది, ఈ మందులు వాడుతున్నాను. దగ్గు సంగతి రెండో వాక్యం.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మాస్కు పెట్టుకున్నవారికి ముందు అవకాశం ఇద్దాం. వాళ్ళు త్వరగా ఇంటికి వెళ్ళాలి.